నాలుగు కాళ్ళు, ఒక పలక: స్కాండినేవియన్ భోజనాల బల్లను ఎలా చూడాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫ్లాటు కొనుక్కున్నారు. ఇంట్లో నలుగురు, పండగలకు ఎనిమిది మంది. ఓక్ చెక్కతో చేసిన డైనింగ్ టేబుళ్ళు మూడు చూశారు. చూపులకు మూడూ ఒకేలా ఉన్నాయి, ధరల్లో మాత్రం హస్తిమశకాంతరం. ఒకటి చౌకైన వెనీర్ (పైన పల్చటి చెక్కరేకు అతికించిన) బల్ల, రెండోది పేరు లేని చిన్న కర్మాగారం చేసిన పూర్తి చెక్క బల్ల, మూడోది పేరుమోసిన డిజైనర్‌ది. "నాలుగు కాళ్ళు, ఒక పలక. ఇందులో డిజైన్ ఏముంది? ఇంత ధర దేనికి? మన కూరలనూ పులుసులనూ ఇది తట్టుకుంటుందా? కొన్నేళ్ళకు హైదరాబాద్ తిరిగి వెళ్తే వెంట తీసుకువెళ్ళవచ్చా?" అని అడిగారు.

నేను డెన్మార్క్‌లో చాలాకాలంగా చెక్క సామాన్ల తయారీలో ఉన్నాను, అందులోనూ ఎక్కువగా బల్లల పనిలో. నా జవాబులో ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. దుకాణంలో ఆ మూడు బల్లలనూ పైనుంచి చూసి పోల్చకండి. వంగి, బల్ల కిందకు తల పెట్టి చూడండి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, ఇక్కడి వడ్రంగులందరూ అలాగే చూస్తారు. ఈ తరహా బల్లల మంచిచెడ్డలన్నీ అడుగుభాగంలోనే తెలుస్తాయి.

కారణం ఏమిటంటే, పాతకాలపు బల్లల అంచుల్లో కనిపించే నగిషీ పట్టీలు అందానికి మాత్రమే వేసినవి కావు. చెక్క కుంచించుకుపోయి అతుకుల దగ్గర సందు పడితే, ఆ సందును పట్టీ కప్పేస్తుంది. కాలికీ పలకకూ కుదరని చోట చెక్కిన పువ్వు చూపును పక్కకు లాగుతుంది. ఆ పట్టీలూ పువ్వులూ తీసేశాక పనివాడికి దాక్కునే చోటు మిగలదు. అతుకు బిగువుగా ఉండాలి, చెక్క బాగా ఆరినదై ఉండాలి, కొలత మనిషి ఒంటికి సరిపోవాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా రెండో చలికాలానికి బయటపడుతుంది. "ఏమీ లేని" బల్లకు ఎక్కువ శ్రమ పట్టడానికి కారణం ఇదే.

కొలత సంగతి ముందు చూద్దాం, డేనిష్ డిజైన్ మొదలైంది అక్కడే కాబట్టి. 1924లో కోపెన్‌హేగన్‌లోని రాయల్ అకాడమీలో ఫర్నిచర్ విభాగం ఏర్పడినప్పుడు దాన్ని నడిపించినవారు కోరె క్లింట్. ఆయన విద్యార్థులకు ముందు బొమ్మలు గీయడం కాదు, కొలవడం నేర్పారు. కూర్చున్న మనిషి మోకాలి ఎత్తెంత, చెయ్యి చాపితే ఎంత దూరం అందుతుంది, ఒక ఇంట్లో ఉండే పళ్ళాలు, చెంచాలు, చొక్కాలు ఎంత చోటు ఆక్రమిస్తాయి, ఇవన్నీ కొలిపించారు. పాత ఇంగ్లిష్ కుర్చీలను, ఇతర దేశాల సామాన్లను పక్కన పెట్టమనలేదు. విప్పి చూసి, పనికొచ్చే సూత్రాన్ని తీసుకోమన్నారు. కొత్తదనం కోసం పాతదాన్ని పారెయ్యని ఈ పద్ధతి వల్లే ఆ తరం చేసిన సామాన్లు ఇప్పటికీ పాతబడలేదని నా అభిప్రాయం.

ఆయన శిష్యుల్లో బోర్గె మోగెన్సెన్ పేరు మీరు తప్పక తెలుసుకోవాలి. 1942లో, దేశం జర్మనీ ఆక్రమణలో ఉన్న రోజుల్లో, ఎఫ్‌డీబీ అనే వినియోగదారుల సహకార సంఘాల సమాఖ్య మామూలు కుటుంబాల కోసం ఫర్నిచర్ తయారుచేయాలని నిర్ణయించి, డిజైన్ విభాగానికి ఆయన్ని అధిపతిని చేసింది. చిన్న ఫ్లాట్లు, చిన్న జీతాలు, దొరికే చెక్క బీచ్, ఓక్. ఈ హద్దుల మధ్య పుట్టినదే 1947 నాటి జే39 కుర్చీ. డెన్మార్క్‌లో దాన్ని 'ప్రజల కుర్చీ' అంటారు. అమెరికాలోని షేకర్లు అనే క్రైస్తవ సముదాయం తమ భోజనశాలల కోసం చేసుకున్న సాదా సామాన్లు ఆయనకు ఒరవడి. ఆయన గీసిన పొడవాటి భోజనాల బల్లల్లోనూ ఆ ఛాయ కనిపిస్తుంది: మూలల్లో నాలుగు కాళ్ళకు బదులు రెండు చివర్లా రెండు ఆధారాలు, వాటిని కలుపుతూ ఒక అడ్డుకర్ర. మూలకాలు అడ్డురాదు కాబట్టి బెంచీ మీద ఎవరు ఎక్కడైనా జరిగి కూర్చోవచ్చు.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. ఈ సాదాతనం సంపన్నుల అభిరుచిగా మొదలవలేదు. చిన్న జీతగాడి ఇంట్లో మూడు తరాలు నిలిచే బల్ల ఉండాలన్న పట్టుదలతో మొదలైంది. కాబట్టి మీ చేతిలో ఉన్న డబ్బుకు మంచి బల్ల దొరకదేమోనని బెంగ పెట్టుకోవద్దు.

ఇప్పుడు కొలతలు. ఇక్కడి డైనింగ్ టేబుళ్ళ ఎత్తు సాధారణంగా 72 నుంచి 75 సెంటీమీటర్లు. కుర్చీ ఎత్తు సుమారు 45. కూర్చున్న మనిషి తొడ మందానికి 15 సెంటీమీటర్లయినా వదలాలి, అంటే నేల నుంచి 60 దాకా ఖాళీ కావాలి. బల్ల ఎత్తు 73 అనుకోండి. పలక మందం రెండున్నర, పలక కింద నాలుగు కాళ్ళనూ కలుపుతూ తిరిగే అడ్డపట్టీ వెడల్పు 9. మొత్తం పదకొండున్నర పోగా మిగిలేది అరవై ఒకటిన్నర. అంటే చేతిలో ఉన్న వెసులుబాటు ఒకటిన్నర సెంటీమీటర్లే! అడ్డపట్టీ వెడల్పు తగ్గిస్తే మోకాళ్ళకు హాయి, బల్ల మాత్రం ఊగుతుంది. పెంచితే బల్ల గట్టిపడుతుంది, పొడుగు మనుషుల తొడలు తగులుతాయి. మంచి డిజైనర్ ఈ చిక్కును ఎలా విప్పాడన్నది చూడడమే బల్లను చదవడం. కొందరు అడ్డపట్టీని అంచు నుంచి బాగా లోపలికి జరుపుతారు. కొందరు కాలి దగ్గర వెడల్పుగా ఉంచి, మధ్యలో విల్లులా సన్నం చేస్తారు. బలం కావలసింది కాలి దగ్గరే, చోటు కావలసింది మధ్యలో.

చేతులున్న కుర్చీలు కొనే ఆలోచన ఉంటే ఇంకో కొలత చూడాలి. కుర్చీ చెయ్యి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అది అడ్డపట్టీకి తగిలి లోపలికి దూరదు, కుర్చీలన్నీ గదిలోకి పొడుచుకువచ్చి ఉంటాయి. డేనిష్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన సీహెచ్24 కుర్చీని, ఆ 'వై' ఆకారపు వీపున్న కుర్చీని, మీరు దుకాణాల్లో చూసే ఉంటారు. దాని చేతులు సీటు ముందు అంచు దాకా రాకుండా సగంలోనే ఆగిపోతాయి. మోచేతికి ఆసరా దొరుకుతుంది, మనిషి బల్లకు దగ్గరగానూ జరుగుతాడు. వెగ్నర్ చిన్న వయసులోనే వడ్రంగి దగ్గర పని నేర్చినవారు. జీవితంలో 500కు పైగా కుర్చీలు గీశారు. గీతలో కనిపించే ఆ తెలివి చేతిపని తెలిసినవాడి తెలివి.

ఇక బల్ల అంచు దగ్గరకు రండి. ఇక్కడ కాసేపు ఆగుతాను, నాకు ఎంతో ఇష్టమైన చోటిది.

మంచి డేనిష్ బల్లను నాలుగడుగుల దూరం నుంచి చూస్తే పలక వేలెడు మందం కూడా లేనట్టు, గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. నిజానికి పలక మందం 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. అంచు కిందికి చెయ్యి పెట్టి లోపలికి జరపండి. అంచు దగ్గర పన్నెండు మిల్లీమీటర్లో పదిహేనో ఉన్న చెక్క, లోపలికి వెళ్ళేకొద్దీ ఏటవాలుగా మందమవుతుంది. అంటే కింది అంచును చిత్రిక పట్టి వాలు తీశారన్నమాట. పై నుంచి చూసే కంటికి ఆ వాలు కనిపించదు, నీడలో పడిపోతుంది. కంటికి అందేది సన్నని గీత మాత్రమే. బలం తగ్గకుండా బరువు తగ్గినట్టు కనిపించడానికి ఇంతకన్నా సులువైన మార్గం నాకు తెలియదు. ఆ వాలు తీసిన చోట చెక్క పై ముఖమంత నున్నగా ఉందా, లేక చేతికి గరుకు తగులుతోందా చూడండి. కనిపించని చోట కూడా ఉప్పుకాగితం పట్టినవాడు మిగతా పనిలోనూ లోపం చేసి ఉండడు.

కాళ్ళదీ అదే తీరు. చతురస్రపు కాలు కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది కదా, ఆ సన్నబడటం నాలుగు పక్కలా కాదు. బయటి రెండు ముఖాలూ నిటారుగానే ఉంటాయి, లోపలి రెండు ముఖాలను మాత్రమే చెక్కుతారు. అదీ అడ్డపట్టీ కింది నుంచి మొదలుపెడతారు, ఎందుకంటే అడ్డపట్టీ వచ్చి కలిసే చోట కాలికి నిండు మందం ఉండాలి. నాలుగు పక్కలా సన్నం చేస్తే బల్ల ముని వేళ్ళ మీద నిలబడ్డట్టు కనిపిస్తుంది. బయటివైపు నిటారుగా ఉంచితే నిలకడగానూ తేలికగానూ ఉంటుంది.

ఇప్పుడు పూర్తిగా కిందికి వంగి, పలకను అడ్డపట్టీకి ఎలా బిగించారో చూడండి. పూర్తి చెక్క బల్ల ఆయుష్షు దీని మీదే ఆధారపడి ఉంటుంది. చెట్టు నుంచి కోసి ఎండబెట్టినా చెక్క గాలిలోని తేమను పీల్చుతూ వదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు చెక్కలోని తేమ సుమారు 6 శాతం దగ్గర నిలుస్తుంది. గాలిలో 70 శాతం ఉంటే చెక్కలో 13 దాకా పోతుంది. చలికాలంలో హీటర్లు వేసిన మీ ఫ్లాటులో గాలి ఎండిపోతుంది, పెదవులు పగిలేది అందుకే. వేసవిలో మళ్ళీ తేమ పెరుగుతుంది. ఓక్ చెక్కలో తేమ నాలుగు శాతం మారితే 90 సెంటీమీటర్ల వెడల్పున్న పలక దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. పొడవులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ. కదలికంతా వెడల్పులోనే.

అందుకని పలకను అడ్డపట్టీలకు జిగురు పెట్టి అతికేసినా, కదలకుండా మరలు బిగించేసినా, కదలడానికి దారిలేక ఏదో ఒక చలికాలపు రాత్రి ఫటేలుమని నిలువునా పగులుతుంది. తెలిసిన పనివాళ్ళు అడ్డపట్టీ లోపలివైపు ఒక గాడి తీసి, చిన్న చిన్న చెక్క ముక్కలకు నాలుకలా అంచు చెక్కి ఆ గాడిలో దూరుస్తారు. ముక్కను పలకకు మరతో బిగిస్తారు. పలక వెడల్పులో పెరిగినా తగ్గినా ఆ నాలుక గాడిలో ముందుకూ వెనక్కూ జారుతుంది, పలక మాత్రం పైకి లేవదు. కొందరు లోహపు పట్టీలకు కోలగా ఉండే రంధ్రాలు పెడతారు. అదీ మంచిదే. గుండ్రటి రంధ్రంలోంచి నేరుగా మర బిగించి ఉంటే ఆ బల్లను వదిలేయండి.

అడుగుభాగంలో మరో విషయం కూడా చూడాలి. పైకి పట్టించిన నూనె లేదా లక్క కిందివైపు కూడా పట్టించారా? పైన మాత్రమే పట్టిస్తే తేమ ఒక పక్క నుంచే వచ్చిపోతుంది, పలక దోనెలా వంపు తిరుగుతుంది. ఖర్చు తగ్గించుకునేవాళ్ళు మొదట కోత పెట్టేది ఇక్కడే.

కాలికీ అడ్డపట్టీకీ మధ్య అతుకు మంచి బల్లల్లో చెక్కలో చెక్క దూరేదిగా ఉంటుంది. కాలిలో గుంట తొలిచి, అడ్డపట్టీ చివరను దానికి సరిపడా చెక్కి, జిగురుతో బిగిస్తారు. బల్ల చివరను రెండు చేతులతో పట్టుకుని పొడవు దిక్కుగా ఒకసారి నెట్టి వదలండి. కదిలి వెంటనే ఆగితే మంచిది. రెండు మూడుసార్లు ఊగితే అతుకులో బలం లేదు. కాళ్ళు బయటికి వాలి ఉండి, ఒక్కో కాలు చిన్న ఇనుప రేకుతో, నాలుగు మరలతో పొడిచెక్క (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన) పలకకు బిగించిన బల్లలు 'స్కాండినేవియన్ స్టైల్' పేరుతో లోకమంతా అమ్ముడవుతున్నాయి. బల్లను జరిపిన ప్రతిసారీ ఆ కాలు మీటలా పనిచేసి మరలను పీకుతుంది. పొడిచెక్కలో ఒకసారి వదులైన మర మళ్ళీ పట్టదు.

అలాగని విప్పదీయగల కాళ్ళన్నీ నాసిరకమని అనుకోవద్దు. ఫిన్లాండ్‌లో అల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్టు 1930ల తొలినాళ్ళలో బర్చ్ చెక్కతో 'ఎల్' ఆకారపు కాలు తయారుచేశారు. కర్ర చివర నార దిక్కునే సన్నని చీలికలు కోసి, వాటి మధ్య పల్చటి చెక్కరేకులు జిగురుతో చొప్పించి, తొంభై డిగ్రీలు వంచుతారు. వంగిన భాగాన్ని పలక అడుగుకు నేరుగా మరలతో బిగించవచ్చు, అడ్డపట్టీ అవసరమే లేదు. ఒకే కాలు ఎత్తు మార్చుకుని స్టూలుకూ బల్లకూ పనికొచ్చింది. 1935లో ఆల్టో దంపతులు మరో ఇద్దరితో కలిసి స్థాపించిన ఆర్టెక్ కంపెనీ ఈనాటికీ ఆ కాళ్ళతోనే బల్లలు చేస్తోంది. మోకాళ్ళకు అడ్డపట్టీ తగిలే చిక్కును మొదలంటా తీసేసిన ఈ పరిష్కారం నా దృష్టిలో ఆ శతాబ్దపు గొప్ప వడ్రంగి ఆలోచనల్లో ఒకటి. స్వీడన్‌లో ఐకియా కథ కూడా కాళ్ళతోనే ముడిపడి ఉంది. 1956లో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఉద్యోగి ఒక చిన్న బల్ల కారులో పట్టకపోతే కాళ్ళు ఊడదీశారు. విడిభాగాలుగా అట్టపెట్టెలో సర్ది అమ్మే పద్ధతి ఆ కంపెనీలో స్థిరపడింది ఆ తరువాతే.

వెనీర్ విషయంలో మనవాళ్ళకు చిన్నచూపు ఎక్కువ. "పైన రేకు అతికించిన బల్ల" అని కొట్టిపారేస్తారు. 1950, 60ల నాటి పేరున్న డేనిష్ టేకు బల్లల్లో చాలావాటి పైపలక వెనీరే. అంచుకు మాత్రం పూర్తి టేకు పట్టీ వేసేవారు. వెనీర్ పలక తేమకు కదలదు, కాబట్టి పగలదు. చూడాల్సింది వెనీర్ మందం. మిల్లీమీటరులో సగం కన్నా పల్చనైతే ఒకసారి ఉప్పుకాగితం పట్టగానే అడుగు తేలుతుంది. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఉంటే రెండు మూడుసార్లు కొత్తగా చేయించుకోవచ్చు. మీరు చూసిన చౌక బల్ల సంగతి దుకాణం వాళ్ళను ఇదే అడగండి. జవాబు చెప్పలేకపోతే అంచు దగ్గర మీరే చూసుకోండి.

టేకు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. గోదావరి లోయ టేకును ఎరిగిన మనకు, టేకు మొలవని డెన్మార్క్‌కు ఆ చెక్కతో అంత పేరు ఎలా వచ్చిందన్న సందేహం సహజం. కోపెన్‌హేగన్‌లో 1897లో ఏర్పడిన ఈస్ట్ ఏషియాటిక్ కంపెనీ సయాం (నేటి థాయ్‌లాండ్) అడవుల టేకు వ్యాపారం చేసేది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత థాయ్‌లాండ్ నుంచి టేకు విస్తారంగా దిగుమతి అయింది. టేకులో ఇసుకలాంటి సిలికా ఉండటం వల్ల రంపం పళ్ళు త్వరగా మొద్దుబారుతాయి. గట్టి లోహపు పళ్ళున్న రంపాలు వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. ఆ రెండు దశాబ్దాల్లో అమెరికాకు ఓడలకొద్దీ డేనిష్ టేకు సామాను వెళ్ళింది. ఇప్పుడు ఇక్కడి చెక్క మళ్ళీ ఓక్, యాష్, బీచ్. ఓక్‌కు డెన్మార్క్‌లో పాత చరిత్రే ఉంది. 1807లో బ్రిటిష్‌వాళ్ళు కోపెన్‌హేగన్ మీద దాడిచేసి నౌకాదళాన్ని పట్టుకుపోతే, కొత్త ఓడల కోసం ప్రభుత్వం పెద్ద ఎత్తున ఓక్ మొక్కలు నాటించింది. అవి చేవదేరేసరికి చెక్క ఓడల కాలమే పోయింది.

మీకు ఓక్ సరైన ఎంపికే. బీచ్ చవక, అందంగా ఉంటుంది, తేమకు మాత్రం ఓక్ కన్నా ఎక్కువ కదులుతుంది. పైన్ మెత్తన, పిల్లలు చెంచా విసిరితే గుంట పడుతుంది. పూర్తి చెక్క బల్లలో పలక చివర్లు పరిశీలించండి. అక్కడ చెట్టు వలయాల గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు పలక ముఖానికి నిలువుగా ఉంటే ఆ చెక్క తక్కువ కదులుతుంది, వంపు తిరగదు. అడ్డంగా, నవ్వుతున్న నోరులా ఉంటే ఎక్కువ కదులుతుంది. పలక నిడివి అంతా ఒకే పట్టెలతో ఉందా, లేక చిన్న చిన్న ముక్కలు అతికి చేశారా అన్నది కూడా ధరను బాగా మారుస్తుంది. నిడివైన, ముడులు లేని, రంగు కలిసే పట్టెలు ఏరడానికి చాలా చెక్క తీసి పక్కన పెట్టాలి. మీరు చూసిన మూడో బల్ల ధరలో పేరుకు కొంత పోగా, ఈ ఏరికకూ అతుకుల్లోని చేతిపనికీ ఇక్కడి కూలీ రేట్లకూ పోయేదే ఎక్కువ.

ఇప్పుడు మన వంటలు. ఇక్కడి సంప్రదాయంలో ఓక్, బీచ్ బల్లలను సబ్బుతో పోషిస్తారు. సహజమైన కొవ్వుతో చేసిన సబ్బు రేకులను గోరువెచ్చని నీటిలో కరిగించి చెక్కకు పట్టిస్తారు. పలుమార్లు పట్టించేసరికి సబ్బులోని కొవ్వు రంధ్రాల్లో నిండి, చెక్క తెల్లగా, మెరుపు లేకుండా ఉంటుంది. చలికాలపు వాలు ఎండలో, బల్ల మీదికి కిందుగా వేలాడదీసిన దీపం వెలుగులో, కంటికి గుచ్చుకోని ఆ ముఖం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. అయినా మీకు మాత్రం వద్దంటాను. పప్పు, పులుసు, ఆవకాయ నూనె రోజూ వాడే ఇంట్లో సబ్బు పట్టించిన బల్ల వారానికోసారి సేవ కోరుతుంది. మైనం కలిసిన గట్టి నూనె పూత గానీ, మెరుపు లేని లక్క గానీ తీసుకోండి. రెండింటిలో నేనైతే నూనె పూతకే ఓటు వేస్తాను. లక్క మీద గీత పడితే మొత్తం పలక గీకి మళ్ళీ వేయాలి. నూనె బల్లకైతే మరక పడ్డ చోట ఉప్పుకాగితంతో మెల్లగా రుద్ది నూనె అద్దితే సరిపోతుంది. ఒక జాగ్రత్త తప్పనిసరి: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి గానీ, ఆరుబయట విప్పి ఆరవేసి గానీ పారేయండి.

పసుపు మరక చూసి సబ్బునీళ్ళతో రుద్దగానే ఎర్రబడితే కంగారు పడకండి. దిష్టి తీయడానికి పసుపులో సున్నం కలిపితే నీళ్ళు ఎర్రబడతాయే, ఇదీ అంతే. సబ్బుకూ సున్నానికి ఉన్న క్షార గుణమే ఉంది. మంచినీటితో తుడిచి, బల్లను కిటికీ పక్కకు జరపండి. పసుపు రంగుకు ఎండ పడదు, వేసవిలో కొద్దిరోజుల్లోనే చాలావరకు వెలిసిపోతుంది. పసుపు కన్నా నాకు భయం తడి ఇనుముతో. ఇనప పెనం తడిగా ఓక్ బల్ల మీద పెడితే చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్లటి వలయం పడుతుంది. అది సబ్బుకు పోదు. ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీటితో, చేతులకు గ్లౌజులు వేసుకుని తుడవాలి. స్టీలు గిన్నెలతో ఈ బాధ లేదు, వేడి తగలకుండా కింద ఏదైనా వేస్తే చాలు.

పరిమాణం గురించి. ఒక్కో మనిషికి 60 సెంటీమీటర్ల అంచు కావాలి. మన భోజనంలో పళ్ళెం పక్కన గిన్నెలు కూడా ఉంటాయి కాబట్టి 65 అనుకోండి. నలుగురికి 140 పొడవు, 85 నుంచి 90 వెడల్పు చాలు. గోడకూ బల్ల అంచుకూ మధ్య కుర్చీ జరిపి లేవడానికి కనీసం 75, వెనకనుంచి మరో మనిషి నడవాలంటే 90 పైన వదలండి. ఎనిమిది మంది కోసం రోజూ పెద్ద బల్ల చుట్టూ తిరగడం కన్నా పొడిగించుకునే బల్ల మేలు. పాత డేనిష్ బల్లల్లో రెండు చివర్లా పైపలక కింద రెండు చిన్న పలకలు దాగి ఉంటాయి. వాటి కింది కర్రలు ఏటవాలుగా కోసి ఉండటం వల్ల లాగేకొద్దీ పలక పైకి లేచి పైపలకతో సమానంగా వచ్చి కూర్చుంటుంది. ఒక్క మేకు, ఒక్క స్ప్రింగు ఉండదు. విడిగా అదనపు పలకలు ఇచ్చే బల్ల కొంటే, మొదటి కొన్ని నెలలు ఆ పలకలను కూడా వెలుగులో ఉంచండి. ఓక్ వెలుతురుకు రంగు ముదురుతుంది. అలమారలో దాచినవి తెల్లగా మిగిలిపోతే పండగనాడు రెండు రంగుల బల్ల అవుతుంది.

గది మరీ ఇరుకైతే పీట్ హైన్ గీసిన ఆకారం చూడండి. డెన్మార్క్‌కు చెందిన ఈ గణితజ్ఞుడు, కవి, స్టాక్‌హోంలోని సెర్గెల్స్ టోర్గ్ కూడలి కోసం దీర్ఘచతురస్రానికీ దీర్ఘవృత్తానికీ నడుమ ఉండే ఒక వక్రాన్ని సూచించారు. 1960ల్లో స్వీడిష్ డిజైనర్ బ్రూనో మాత్సన్‌తో కలిసి అదే ఆకారంలో బల్ల తెచ్చారు. మూలలు లేవు కాబట్టి తొడకు తగలదు, అంచులు దాదాపు తిన్నగా ఉంటాయి కాబట్టి చోటు వృథా కాదు. ఇంటి పెద్ద కూర్చునే తలాపి కూడా ఉండదు, అందరూ సమానంగా కూర్చుంటారు. కొత్తది ఖరీదైనదే, వాడినవి తరచూ అమ్మకానికి వస్తాయి.

హైదరాబాద్ సంగతి. పలక జారే ఏర్పాటు సరిగా ఉన్న ఓక్ బల్లకు అక్కడి వానాకాలం పెద్ద సమస్య కాదు, వెడల్పులో కాస్త పెరిగి ఊరుకుంటుంది. దిగిన మొదటి నెల ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టండి. బీచ్ బల్ల అయితే తీసుకువెళ్ళమని చెప్పను. దానికి పురుగు, చెద త్వరగా పడతాయి. కాళ్ళు విప్పదీసే బల్ల అయితే రవాణాకు సులువు. విప్పేముందు ఏ కాలు ఏ మూలదో అడుగున పెన్సిలుతో అంకె వేసుకోండి. ఒకవేళ ఇక్కడే అమ్మేసి వెళ్ళాలనుకుంటే, కొలతలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పలక కింది వాలు, కాలి లోపలి రెండు ముఖాల కోత, గాడిలో జారే ముక్కలు, ఈ మూడూ వివరంగా గీసి ఇస్తే బాగా ఆరిన టేకుతో మన వడ్రంగులు చక్కగా చేయగలరు. తేమకు టేకు ఓక్ కన్నా తక్కువ కదులుతుంది, అక్కడి వాతావరణానికి అదే నప్పుతుంది.

మీరు చూసిన మూడింటిలో రెండోదాని వైపే నా మొగ్గు, అడుగుభాగం నేను చెప్పినట్టు ఉంటే. లేకపోతే ఒక శనివారం వీలుచేసుకుని మీ ఊరి పాత సామాన్ల దుకాణాలు తిరగండి. 1960ల నాటి పొడిగించే బల్ల దొరికితే, రెండు పక్కలా లాగి మళ్ళీ మూసి చూడండి. పలకలు బిగుసుకోకుండా వచ్చి, మూసినప్పుడు అంచులు కలిస్తే, పైన మరకలున్నా తీసుకోండి. మరకలు వెనీర్ మందం ఉన్నంతవరకు పోతాయి.